ఐదో పరీక్ష

సోమవారం ఉదయం తొమ్మిదింబావు. మధ్యాహ్నం మూడింటికి తోలుసంచీల వర్క్‌షాపులో తోలు రకం తేల్చే గ్రేడింగ్ మేస్త్రిని జడ్జిగారి ముందు నిలబెడతారు. "ఓనర్ని చంపింది నేనే" అని అతను శనివారం సాయంత్రమే పోలీసులతో చెప్పేశాడు. అదే మాట జడ్జిగారి ముందు ఇంకోసారి చెప్పి సంతకం పెడితే వెనక్కి తీసుకునే దారి ఉండదు. డిటెక్టివ్ చేతిలో ఉన్నది ఐదుగంటల నలభై ఐదు నిమిషాలు. ఆ కాస్త సమయాన్ని పెట్టుకుని అతను వర్క్‌షాపు గ్రేడింగ్ బల్లదగ్గర తోలుముక్కలు పిసుకుతూ కూర్చున్నాడు.

పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే అతన్ని అందరూ నత్త అనేవారు. పట్టించుకునేవాడు కాదు. అతనితోపాటే చేరిన పక్కకుర్చీ మిత్రుణ్ణి పత్రికలవాళ్ళు మెరుపు ఇన్‌స్పెక్టర్ అనేవారు. ఏ కేసైనా ఒక్కరోజులో తేల్చేస్తాడని ఆ పేరు. ఈ కేసు తేల్చడానికి మెరుపుకి మూడు గంటలు పట్టింది. నిందితుడే ఎదురొచ్చి ఒప్పుకున్నాక అంతసేపు ఎందుకు పట్టిందో మరి.

"ముందు వెనక్కి తిప్పి చూడండి సార్" అంది ఎదురుగా కూర్చున్న మనిషి. ఆవిడ మేస్త్రి చెల్లెలు. పన్నెండేళ్ళుగా అన్న పక్కనే గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేస్తోంది. నిన్న పొద్దున వచ్చి, 'మా అన్నయ్య చీమకి కూడా హాని చెయ్యడు, ఎలాగైనా బయటికి తీసుకురండి' అని డిటెక్టివ్ కాళ్ళమీద పడబోయింది ఈవిడే.

బల్లమీద నాలుగు ముక్కలు. నాలుగూ ఒకే గోధుమరంగు, ఒకే నిగనిగ. డిటెక్టివ్ కంటికి నాలుగూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇది పై పొర తోలు. గొడ్డు బతికున్నప్పుడు పడ్డ గీతలు, ఈగ కుట్టిన మచ్చలు కనిపిస్తాయి. ఒక వెంట్రుక రంధ్రానికి ఇంకోదానితో పోలిక ఉండదు. నొక్కండి. ముడతలు పడి మళ్ళీ సర్దుకుంటోందా? ఇది అదే చర్మంలో కింది పొర. చర్మం మందంగా ఉంటుంది కదా, మెషిను మీద రెండుగా చీలుస్తారు. బలమంతా పైదానిదే. కిందిదానికి రంగు పూత పూసి, మీద రంధ్రాల అచ్చు గుద్దితే పైదానిలా వేషం వేస్తుంది. అంచు చూస్తే పూత వేరు, పీచు వేరు."

"ఇది?"

"ముద్ద తోలు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ పొడి చేసి, జిగురులో కలిపి, రేకులా ఒత్తుతారు. తోలుందా అంటే ఉంది. కానీ రెండేళ్ళు వాడారంటే పొట్టు పొట్టుగా రాలిపోతుంది. ఆఖరుది రెగ్జిన్. గుడ్డమీద ప్లాస్టిక్. రంధ్రాలు బడిపిల్లల్లా వరసలో నిలబడతాయి. నీటిచుక్క వెయ్యండి, జారిపోతుంది. తోలైతే కాసేపటికి తాగేస్తుంది."

"వెనకవైపు, అంచు, నొక్కడం, నీటిచుక్క. నాలుగు పరీక్షలన్నమాట."

"నాలుగే సార్."

మాట్లాడుతూనే ఆవిడ ఒక్కో ముక్కనీ పక్కకి తోస్తూ బల్లమీద వేలితో కొడుతోంది. చూపుడువేలికి కుట్టుపనివాళ్ళు తొడుక్కునే ఇత్తడి తొడుగు ఉంది. తోలు రెండింటికీ తలా ఒక దెబ్బ. ముద్ద తోలుకి రెండు. రెగ్జిన్‌కి మూడు.

డిటెక్టివ్ తన బెల్టు విప్పి బల్లమీద పెట్టాడు. "దీని సంగతేమిటమ్మా? దుకాణంవాడు అసలు తోలని ఒట్టేసి మరీ ఇచ్చాడు."

ఆవిడ బెల్టుని తిప్పనైనా తిప్పలేదు. టక్, టక్, టక్.

"ఆ కొట్టడమేమిటి?"

తొడుగున్న చెయ్యి ఒళ్ళోకి పోయింది. "అలవాటైపోయింది సార్. లెక్క మర్చిపోకుండా."

డిటెక్టివ్ రెగ్జిన్ బెల్టు బిగించుకుని లేచాడు. బల్లపక్క మేకుకి మేస్త్రి ఏప్రన్ వేలాడుతోంది. మోకాళ్ళదాకా వచ్చే గోధుమరంగు తోలు ఏప్రన్. మెడకి తగిలించుకునే పట్టీకి గట్టి ముడి ఉంది. ఆ ముడితో పట్టీ నాలుగు వేళ్ళ మేర పొట్టిదైంది.

"ఈ ముడెందుకు?"

"పట్టీ సాగిపోయింది సార్. అందుకే వేశాడు."

ఓనర్ పెద్దాయన చచ్చిపోయింది సాంపిల్ గదిలో. గది తాళంచెవి స్టోరు గుమాస్తా దగ్గర ఉంది. శవాన్ని మొదట చూసిందీ అతనే. అడిగినదానికి అడగనిదానికి కూడా జవాబు చెప్పే రకం. డిటెక్టివ్‌కి అలాంటివాళ్ళంటే ప్రాణం.

"టైములు చెప్పు."

"నాలుగూ పదికి పెద్దాయన ఈ గదిలోకొచ్చారండి. నాలుగూ ఇరవైయైదుకి టీ గంట కొట్టారు. అందరూ పెరట్లోకెళ్ళారు. నేను స్టోరులోంచి కదల్లేదు, నాకు గ్యాసు, టీ పడదు. నాలుగూ ముప్ఫైరెండుకి ఎదురుగా ఈ తలుపు తెరుచుకుంది. మేస్త్రి లోపలికెళ్ళాడు. నాలుగూ నలభైకి మళ్ళీ గంట, అందరూ వచ్చేశారు. ఐదూ ఐదుకి సంతకాలకని వచ్చి చూస్తే, పెద్దాయన ఇదిగో ఇక్కడ బోర్లా. తల పక్కన అచ్చులమీద పెట్టే ఇనప బరువు."

"మేస్త్రిని చూశావా?"

"చూశానండి. ఏప్రన్ వేసుకుని..."

"మొహం చూశావా?"

గుమాస్తా నీళ్ళు నమిలాడు. "మొహం... వీపు కదండీ మనవైపున్నది. స్టోరు కిటికీ అద్దంలోంచి మసకమసగ్గా. అయినా ఆ ఏప్రన్ ఇంకెవరు వేసుకుంటారండీ? వర్క్‌షాపు మొత్తానికి అదొక్కటే."

"ఇన్‌స్పెక్టర్ అడిగాడా ఈ ముక్క?"

"మేస్త్రేనా అన్నారు. అవునన్నాను. రాసేసుకున్నారు."

మెరుపు అంటే అంతే మరి. డిటెక్టివ్ గది మధ్యలో నిలబడి, ఒక్కో గోడకీ రెండేసి నిమిషాలిచ్చాడు. అరల్లో సంచీలు, పర్సులు, బెల్టులు. అన్నీ దుమ్ము లేకుండా వరసలో ఉన్నాయి. బల్లమీద ఒక్క సంచీ మాత్రం పక్కకి పడి ఉంది. భుజానికి వేసుకునే పెద్ద సంచీ, మూతమీద మేస్త్రి గ్రేడింగ్ ముద్ర. అంటే అసలు తోలని మేస్త్రి హామీ.

పొద్దున నేర్చుకున్న చదువు వెంటనే పనికొస్తుందని సంబరపడి సంచీ తీసుకున్నాడు. వెనకవైపు చూద్దామంటే లోపలంతా గుడ్డ అస్తరు. అంచు చూద్దామంటే అంచులన్నిటికీ రంగు పూసి మూసేశారు. నొక్కితే ముడత పడినట్టే ఉంది, పడనట్టూ ఉంది. వేసిన నీటిచుక్క మెరుగుపూత మీద కదలకుండా కూర్చుంది. నాలుగు పరీక్షలూ నాలుగు మూలలకి పోయాయి.

"పూర్తయిన సరుకు మీద అవేవీ పనిచెయ్యవండి" అన్నాడు గుమాస్తా జాలిగా. "దానికి ఐదోదే దిక్కు. నిప్పు. కనిపించని చోట పిసరంత కోసి అంటించి వాసన చూస్తారు. తోలు జుట్టు కాలిన వాసనొస్తుంది, రెగ్జిన్ ప్లాస్టిక్ వాసన. ముద్ద తోలైతే రెండూ కలిసి, జిగురు కంపు కూడానూ. అది పట్టుకోవాలంటే మామూలు ముక్కు చాలదు. బంక డబ్బాలుంటాయని ఇక్కడెవర్నీ నిప్పు ముట్టుకోనివ్వరు. అగ్గిపెట్టె పెట్టుకునే హక్కు మేస్త్రి ఒక్కడికే."

ఐదోది. నాలుగే సార్, అంది కదా ఆవిడ. డిటెక్టివ్ ఆ ముక్కని ప్రస్తుతానికి జేబులో వేసుకున్నట్టు పక్కనపెట్టి, సంచీ పట్టీ మొదలు విప్పి చూశాడు. కుట్టు కింద, బియ్యపుగింజంత ముక్క కోసి ఉంది. కోత కొత్తది.

"ఈ సంచీ ఎప్పుడొచ్చింది?"

"శనివారం మధ్యాహ్నం. కొన్నవాళ్ళు తిప్పి పంపారు. పెద్దాయన తనే విప్పారు, ఎవర్నీ చూడనివ్వలేదు."

"అంటే నాలుగూ పదికి ముందు దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత ఎవరో కోసి, అంటించి, వాసన చూశారు."

"ఎవరో ఏమిటి? మేస్త్రే!"

ఆ మాట అన్నది గుమాస్తా కాదు. గుమ్మంలో మెరుపు ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడతలకి చెయ్యి తగిలితే తెగేలా ఉన్నాయి.

"ఇంకా పాకుతూనే ఉన్నావా? నేను గమ్యం చేరి, కాళ్ళు కడుక్కుని, పడుకుని లేచాను కూడా."

"ఏప్రన్ మేకుకే వదిలేశావు. సంచీ బల్లమీదే వదిలేశావు. పడుకుని లేవడానికి టైము దొరకదూ మరి!"

"నాకు కావలసింది తీసుకెళ్ళాను. శవం పక్కన సగం కాలిన అగ్గిపుల్ల. ఈ కప్పుకింద అగ్గిపుల్ల గీసే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి నీకు?"

"ఎందుకు చంపాడో చెప్పాడా?"

"గొడవైంది, కోపమొచ్చింది, కొట్టాను అన్నాడు. కోపానికి కారణాలడిగేవాడు పెళ్ళిళ్ళ పేరయ్య అవుతాడు, పోలీసు కాడు." చెయ్యి చాచి సంచీ లాక్కున్నాడు. "పుల్ల నా దగ్గరుంది. ఆ పుల్లతో అంటించిన వస్తువు నువ్వు వెతికిచ్చావు. థాంక్స్. నత్త వల్ల కూడా ఉపయోగముంటుందని ఈవేళే తెలిసింది."

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. అతను అన్నదాంట్లో తప్పులేదని తెలిసి ఇంకా మండింది. పొద్దుటినించీ దొరికిన ప్రతి ఆధారమూ మేస్త్రి మెడకే చుట్టుకుంటోంది.

బయటికొస్తూ బల్లదగ్గర ఆగాడు. "నిప్పు పరీక్ష ఒకటుందని చెప్పలేదేమమ్మా?"

"అది అన్నయ్యే చేస్తాడు సార్" అంది ఆవిడ, తల ఎత్తకుండా. "నాకు తెలీదు."

లాకప్ చేరేసరికి పన్నెండూ పది. వరండాలో కాలు పెట్టగానే డిటెక్టివ్ ముక్కు మూసుకున్నాడు. లాకప్ వెనక మురుగుగొట్టం పగిలిందట. కానిస్టేబుల్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని కుర్చీని వీధిలో వేసుకున్నాడు. పక్క గదిలో ఉన్న జేబుదొంగ, తనని ఉరితీసినా సరే ఇక్కణ్ణించి మార్చమని బతిమాలుతున్నాడు.

మేస్త్రి మాత్రం మురుగు పారే గోడకే చేరబడి, నింపాదిగా అన్నం తింటున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. డిటెక్టివ్‌ని చూసి మర్యాదకి లేచి నిలబడితే, తల పై కమ్మీకి తగలకుండా మెడ వంచుకోవలసి వచ్చింది.

"మీ చెల్లెలు పంపింది. ఏం జరిగిందో నాకు చెప్పండి."

"చెప్పానుగా సార్. నాలుగున్నరకి సాంపిల్ గదికి వెళ్ళాను. చెల్లెలు బల్లదగ్గరే ఉంది, కదల్లేదు. మాటా మాటా పెరిగింది. బరువుతో కొట్టాను. వచ్చేశాను."

"చెల్లెలు ఎక్కడుందని నేను అడగలేదే!"

మేస్త్రి అన్నంలోకి చూశాడు.

"సంచీ అంటించి చూశారుగా. ఏం వాసనొచ్చింది?"

"తోలు వాసనే."

డిటెక్టివ్ కానిస్టేబుల్ని అగ్గిపెట్టె అడిగి తెచ్చాడు. బెల్టు కొసని కత్తితో కొంచెం చెక్కాడు. "కళ్ళు మూసుకోండి మేస్త్రీ. మీకిది ఎడమచేతి పని." మురుగు కంపుని కూడా చీల్చుకుంటూ ప్లాస్టిక్ పొగ లేచింది. పక్కగది జేబుదొంగ అది పీల్చి దగ్గాడు. "ఏమిటిది?"

మేస్త్రి గట్టిగా ఊపిరి పీల్చాడు. నుదుట చెమట పట్టింది.

"తోలు. మంచి తోలు."

"ఇది మీ చెల్లెలు పొద్దున్నే రెగ్జిన్ అని తేల్చిన బెల్టు."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. పట్టుబడ్డ దొంగని డిటెక్టివ్ చాలామందిని చూశాడు గానీ, వాళ్ళలో ఎవరూ ఇంత భయపడలేదు.

"జలుబు చేసింది సార్..."

"ఎన్నేళ్ళయింది జలుబు చేసి?"

ముప్ఫైయేళ్ళు బంక ఆవిర్ల మధ్య బతికిన ముక్కు ఏనాడో చచ్చిపోయి ఉంటుంది. వాసన తెలియని గ్రేడింగ్ మేస్త్రిని ఏ వర్క్‌షాపూ ఒక్కరోజు కూడా ఉంచుకోదు. ఆ సంగతి దాచుకుని బతుకుతున్నాడు.

"మీకు దండం పెడతాను, ఇది వదిలెయ్యండి సార్" అన్నాడు మేస్త్రి. నిజంగానే రెండుచేతులూ జోడించాడు. "మూడింటికి అయిపోతుంది. అంతే. ముక్కులేని మేస్త్రి అనిపించుకోవడం కన్నా నాకు జైలే నయం."

పనివాడి పౌరుషం అనుకున్నాడు డిటెక్టివ్. ఆ పౌరుషం కోసం ఒక మనిషి తన ప్రాణాన్ని బేరం పెడుతున్నాడని కోపం వచ్చింది, జాలీ వేసింది. అంతకన్నా ఎక్కువగా సంతోషం ముంచుకొచ్చింది. సంచీని అంటించినవాడు దాని వాసన తెలుసుకున్నాడు. తెలుసుకున్నాకే గొడవైంది. వాసనే తెలియనివాడు ఆ పుల్ల గీయడు. మెరుపు గర్వంగా జేబులో వేసుకున్న పుల్లే మేస్త్రిని బయటికి లాగుతుంది. పదిహేనేళ్ళలో మొదటిసారి నత్త పరిగెత్తాడు.

కోర్టు మెట్లమీద రెండున్నరకి చెల్లెలు ఎదురైంది. డిటెక్టివ్ వగరుస్తూనే చెప్పాడు. "దొరికిందమ్మా. మీ అన్నయ్యకి వాసన తెలీదు. జడ్జిగారి ముందే పరీక్ష పెట్టిస్తాను. సాయంత్రానికి ఇంటికొస్తాడు."

ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు సార్."

"అందుకని నా దగ్గర కూడా దాస్తావా? సరేలే. ఇప్పుడు ఉద్యోగం పోతే పోయింది, మనిషి మిగులుతాడు."

"మరి... వాసన చూసింది ఎవరని అడుగుతారా?"

"అది తర్వాత పోలీసుల తలనొప్పి. ముందు అన్నయ్య సంగతి చూద్దాం."

ఆవిడ తలూపింది. డిటెక్టివ్ ఆ తలూపడాన్ని సంతోషమే అనుకున్నాడు. అతను అంతటి తప్పు మళ్ళీ చెయ్యలేదు.

జడ్జిగారి గది చిన్నది. జడ్జిగారు ఓపికున్న పెద్దావిడ. డిటెక్టివ్ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. "మీకేమైనా అభ్యంతరమా?"

"ఏమీ లేదు మేడమ్. సరదాగా ఉంటుంది" అన్నాడు మెరుపు.

గుమాస్తాని పిలిపించి, ఒక తోలుముక్క, ఒక రెగ్జిన్ ముక్క తెప్పించారు. మూడోది తిరిగొచ్చిన ఆ సంచీ. మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళకి గుడ్డ కట్టమన్నాడు డిటెక్టివ్. కాలేటప్పుడు తోలు ముడుచుకుంటుంది, రెగ్జిన్ కరిగి కారుతుంది. చూశాడంటే చెప్పేస్తాడు. ముడి తనే రెండుసార్లు లాగి చూసుకున్నాడు. చెల్లెలు తలుపుదగ్గర బెంచీమీద కూర్చుంది. కుటుంబం మనిషి ఒకరు ఉండొచ్చన్నారు జడ్జిగారు.

మొదటి ముక్క. ఇన్‌స్పెక్టర్ పళ్ళెంలో పెట్టి అంటించాడు. పొగ మేస్త్రి ముక్కుదగ్గరికి చేరి, అక్కణ్ణించి గదంతా పాకింది. మేస్త్రి పీల్చాడు. ఆగాడు.

ఇంకేముంది, తడబడతాడు అనుకున్నాడు డిటెక్టివ్.

"తోలు మేడమ్. అసలు తోలు."

సగానికి సగం అవకాశమే కదా, గుడ్డి దెబ్బ తగిలింది. రెండో ముక్క అంటించారు. మేస్త్రి పీల్చాడు, మళ్ళీ ఆగాడు. ఈసారి డిటెక్టివ్ అతన్నే చూస్తున్నాడు. మేస్త్రి తల కొంచెం పక్కకి తిరిగింది. పొగ ఉన్నది ఎదురుగా. అతను తిప్పినది తలుపువైపుకి, అదీ ముక్కుని కాదు, చెవిని.

టక్, టక్, టక్. చెక్కబెంచీ మీద ఇత్తడి చప్పుడు, గోడగడియారం కన్నా నెమ్మదిగా.

"రెగ్జిన్."

పొద్దుటినించీ డిటెక్టివ్ జేబులో వేసుకున్న ముక్కలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఆవిడ చెప్పకుండా దాచిన ఐదో పరీక్ష. అంత పొడుగాటి మనిషి ఏప్రన్‌కి నాలుగు వేళ్ళ ముడి. గుమాస్తా చూడని మొహం. అడగకుండానే అన్న చెప్పిన 'బల్లదగ్గరే ఉంది, కదల్లేదు'. పన్నెండేళ్ళుగా మేస్త్రికి ముక్కు లేదు. పన్నెండేళ్ళుగా ఆ బల్లదగ్గర ఏ తప్పూ జరగలేదు. ఎందుకంటే, ముక్కు పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

మూడోది. సంచీ పట్టీ కొస కోసి అంటించారు. వెంట్రుక కాలిన వాసన, కింద ప్లాస్టిక్, దాని కింద జిగురు. మేస్త్రి పీల్చాడు. ఆగాడు.

చప్పుడు రాలేదు.

డిటెక్టివ్ తల తిప్పి చూశాడు. ఆవిడ కుడిచెయ్యి బెంచీమీద ఉంది, తొడుగున్న వేలు పైకి లేచి ఉంది. ఎడమచెయ్యి ఆ మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు. కొట్టకు తల్లీ, అనుకున్నాడు డిటెక్టివ్. కొట్టకపోతే ఆవిడకి ఏమవుతుందో తెలిసి కూడా అనుకున్నాడు.

"మేస్త్రీ?" అన్నారు జడ్జిగారు.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు మేస్త్రి. గొంతు మెత్తగా, బల్లదగ్గర రోజూ మాట్లాడే గొంతులాగే ఉంది. "తొందరేం లేదు."

అది జడ్జిగారికి చెప్పిన మాట కాదు.

టక్, టక్.

"ముద్ద తోలు" అన్నాడు మేస్త్రి, ఊపిరి వదిలి. "అందుకే గొడవైంది మేడమ్. నా ముద్ర దొంగతనంగా వేశారు. కోపం ఆపుకోలేకపోయాను."

అప్పటిదాకా ఈ కేసుకి లేనిదల్లా కారణమే. అది కూడా వచ్చేసింది.

డిటెక్టివ్ లేచాడు. "మేడమ్, గదిలో అందర్నీ బయటికి పంపి ఇంకోసారి..."

"ఎందుకు?"

నోట్లో మాట సిద్ధంగానే ఉంది. బెంచీవైపు ఒక్క వేలు చూపిస్తే చాలు, అన్న బయటికొస్తాడు. వేలు చూపించాల్సింది తనని నమ్మి తెచ్చుకున్న మనిషి వైపు. కళ్ళకి గంతలు ఉన్నా మేస్త్రి మొహం తన గొంతు వినబడ్డవైపే తిరిగి ఉంది. రెండు చేతులూ ఒళ్ళో జోడించి ఉన్నాయి. డిటెక్టివ్ వేలు పిడికిట్లోకి మడుచుకున్నాడు.

"మీరడిగిన పరీక్షే, మీ కళ్ళముందే జరిగింది" అన్నారు జడ్జిగారు విసుగులేకుండా. "కూర్చోండి."

మూడూ నలభైకి సంతకం అయిపోయింది.

గుమ్మందగ్గర మెరుపు ఇన్‌స్పెక్టర్ భుజమ్మీద చెయ్యి వేశాడు. "బెంచీ గొంతు బావుంది కదూ!"

డిటెక్టివ్ ఉలిక్కిపడ్డాడు. "విన్నావా?"

"నాకు చెవులున్నాయి."

"వినీ ఊరుకున్నావా?"

"నువ్వూ ఊరుకున్నావుగా." మెరుపు నవ్వలేదు, వెక్కిరించలేదు. జీవితంలో మొదటిసారి అతను అలిసిపోయినట్టు కనిపించాడు. "నువ్వు నీ మనిషిని కాపాడుకున్నావు. నేను నా కేసుని కాపాడుకున్నాను. ఇద్దరం ఒకే మనిషిని లోపలికి పంపాం. ఇంక నన్ను చూసి మూతి తిప్పకు."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వరండా చివర ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కింద మేస్త్రిని ఎక్కించిన వ్యాను తలుపు మూసిన చప్పుడైంది.

"ఏప్రన్ వేసుకున్నది నువ్వే."

"నిప్పు పెట్టేటప్పుడు ఎప్పుడూ నేనే వేసుకుంటాను సార్. అన్నయ్య కాపలా ఉంటాడు." గొంతు పొడిగా ఉంది. "సంచీ తిరిగొచ్చిందని విని వెళ్ళాను. ఆ సంచీ మా బల్లమీదికి రాలేదు. అయినా అన్నయ్య ముద్ర ఉంది. అంటించి చూసి, ఎందుకిలా చేశారని పెద్దాయన్ని అడిగాను. 'మీ అన్నకి ముక్కులేదని నాకు ఎప్పుడో తెలుసు. కొన్నవాళ్ళు కేసు పెడితే ముద్ర ఎవరిదో వాడే జైలుకి పోతాడు' అని నవ్వారు. అన్నయ్య జైలుకి పోకూడదనే సార్... చేతికి బరువు అందింది."

"మరి నన్నెందుకు పిలిచావమ్మా?"

"అన్నయ్యని తీసుకొస్తారని. నన్ను చూడకుండా తీసుకొస్తారని." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "రెండూ కలిసి జరగవని మీరు మెట్లమీద చెప్పేదాకా నాకు తట్టలేదు."

"మొదటి రెండుసార్లూ అలవాటు అనుకుంటాను. మూడోసారి ఆలోచించుకోడానికి టైముంది నీకు."

"ఉంది సార్. కొట్టకూడదనే అనుకున్నాను. నేనేనని లేచి చెప్పేద్దామని కూడా అనుకున్నాను."

వ్యాను కదిలింది. ఆవిడ వేలికున్న తొడుగు తియ్యబోయింది. అది వేలి కణుపుదగ్గర బిగుసుకుని రాలేదు. తిప్పుతూ, లాగుతూ, వ్యాను గేటు దాటేదాకా అటే చూసింది.

"కానీ అన్నయ్య ఆగాడు సార్. పన్నెండేళ్ళుగా ఆయన ఆగితే నేను చెప్తాను."